బహుమానం, బాకీ

మా నాన్నగారు వెళ్ళిపోయి పదిహేనేళ్ళు దాటింది. ఆయన రేకుపెట్టె మాత్రం తెనాలిలోని మా అచ్చుకూటం వెనుకగదిలో ఇప్పటికీ ఉంది. అందులో నగలు లేవు, పొలం దస్తావేజులు లేవు. హాజరుపట్టీలు, జీతాల రిజిస్టర్లు, దసరాకు పంచిన బోనసు లెక్కలు, రంగు వెలిసిన కొన్ని గెజిట్ కాగితాలు ఉన్నాయి. వాటన్నిటికీ అడుగున డెమీ సైజులో అచ్చయిన ఒక గోడపత్రం ఉంది.

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్లను అమలులోకి తెచ్చింది. 29 పాత కేంద్ర చట్టాలు ఆ నాలుగింటిలో కలిసిపోయాయి. ఆ వార్త చదివిన రాత్రి నేను ఆ పెట్టె తెరిచాను. నా దగ్గర ఇప్పుడు 14 మంది పనిచేస్తున్నారు. వారి జీతాల పట్టికను కొత్త నిర్వచనాల ప్రకారం తిరగరాయాలి. ఆ పనికి పూనుకునే ముందు, అడుగున ఉన్న ఆ గోడపత్రం కథ రాసిపెట్టడం నా ధర్మమనిపించింది.

కార్మిక చట్టాల చరిత్రను మనవాళ్ళు సాధారణంగా ఉద్యమాల వైపు నుంచి చెబుతారు. అది న్యాయమే. ఆ చట్టాలు వాటంతట అవి రాలేదు. అయితే పది మందికి పని ఇచ్చే చిన్న యజమాని వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది. అతనికి చట్టం ఉద్యమంగా కాక ఒక కొత్త ఫారంగా, ఒక కొత్త శాతంగా, మారిన ఒక అంకెగా చేరుతుంది. ఆ అంకె వెనుక ఏముందో అతడు తరచుగా చూడడు. మేమూ చూడలేదు.

*

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. యంత్రశక్తితో నడుస్తూ 100 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకే అది వర్తించేది. ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదనీ, ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు వారిచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదనీ ఆ చట్టం శాసించింది. పెద్దవారి పనిగంటల ఊసే అందులో లేదు. దాని వెనుక ఉన్నది కరుణ ఒక్కటే కాదు. బొంబాయి మిల్లుల పోటీకి జంకిన లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడి కూడా ఉంది.

ఆ తరువాతి కథను అంకెలలో చెప్పవచ్చు. 1891లో 100 కాస్తా 50కి దిగింది. స్త్రీలకు రోజుకు 11 గంటల పరిమితి, అందరికీ వారానికొక సెలవు వచ్చాయి. 1911లో మొదటిసారిగా మగవారి పనికీ హద్దు పడింది, అదీ జౌళి మిల్లులలో రోజుకు 12 గంటలు. 1922లో 50 కాస్తా 20 అయింది, వారానికి 60 గంటలు మించరాదన్నారు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలలో 1934లో అది 54 గంటలకూ, 1946లో 48 గంటలకూ తగ్గింది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1948 చట్టం యంత్రశక్తి ఉంటే 10 మంది, లేకపోతే 20 మంది ఉన్న చోటల్లా ఫ్యాక్టరీయేనని నిర్వచించింది. 1949 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

67 ఏళ్ళలో చట్టం ఈ విధంగా మెట్లు దిగుతూ వచ్చింది. బొంబాయి మిల్లు గేటు దగ్గర మొదలై, మాబోటి వాళ్ళ రెండు గదుల షెడ్డు గుమ్మం దాకా చేరింది. మరో విశేషం ఉంది. ఏ పని చేస్తే ఫ్యాక్టరీ అవుతుందో వివరిస్తూ 1948 చట్టం ముద్రణకు అక్షరాలు కూర్చడాన్నీ, లెటర్‌ప్రెస్ ముద్రణనూ, పుస్తకాల బైండింగునూ పేరుపేరునా చెప్పింది. పార్లమెంటు భవనంలో కూర్చుని చట్టం రాసినవారికి కంపోజిటర్ అనే మనిషి గుర్తున్నాడన్నమాట.

నాన్నగారు అచ్చుకూటం పెట్టింది 1958లో. 1964 నాటికి పదకొండుగురు పనివాళ్ళు ఉండేవారు. రెండు ట్రెడిల్ యంత్రాలూ కాలితో తొక్కేవే. యంత్రశక్తి లేదు గనుక 20 మంది లెక్క మాకు వర్తించేది. అందుచేత మేము ఫ్యాక్టరీ కాము. 1967లో ఆయన పెద్ద ట్రెడిల్‌కు ఒక విద్యుత్ మోటారు బిగించారు. అంతటితో లెక్క 20 నుంచి 10కి మారింది, మా అచ్చుకూటం ఫ్యాక్టరీ అయింది. మనుషులు నిన్నటివారే, గది నిన్నటిదే, అద్దె కూడా పెరగలేదు. మోటారు తిప్పిన మరునాటి నుంచి లైసెన్సు, హాజరుపట్టీ, ఓవర్‌టైముకు రెట్టింపు జీతం, గోడ మీద పనివేళల పట్టిక అన్నీ కావలసి వచ్చాయి. 1965 నాటి బోనసు చట్టం ఫ్యాక్టరీలన్నిటికీ వర్తించేది గనుక అదీ వెంట వచ్చింది.

నాన్నగారు అప్పట్లో చాలా విసుక్కున్నారట. కరెంటు బిల్లుతో పాటు సర్కారు బిల్లు కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదే అనేవారట. అయినా ఒక సంగతి ఆయన ఒప్పుకునేవారు. సీసపు విషం ఆ చట్టం షెడ్యూలులో మొదటి వ్యాధి. మా పనివాళ్ళు సీసపు అక్షరాలు పట్టుకున్న చేతులతోనే కేసు పక్కన కూర్చుని అన్నం తినేవారు. ఫ్యాక్టరీ అయ్యాకనే మా పెరట్లో కుళాయి పక్కన ఒక సబ్బుబిళ్ళ వెలిసింది. చట్టం లేకపోతే ఆ సబ్బుబిళ్ళ పెట్టాలని మాకు తోచేది కాదు. ఆ ఖర్చు నెలకు రూపాయి కూడా ఉండేది కాదు.

*

మారే చట్టంతో వేగడం ఎంత కష్టమో తెలియాలంటే బోనసు కథ చాలు. 1965లో కనీస బోనసు జీతంలో 4 శాతం. లాభమున్నా నష్టమున్నా అది ఇచ్చి తీరాలి. 1966లో జలాన్ ట్రేడింగ్ కేసులో సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని సెక్షన్లను కొట్టివేసినా కనీస బోనసును నిలబెట్టింది. 1972లో 4 శాతం కాస్తా 8.33 అయింది. అంటే పన్నెండింట ఒక వంతు, తేలిగ్గా చెప్పాలంటే ఒక నెల జీతం. ఎమర్జెన్సీ కాలంలో, 1975లో, బోనసును మిగులుతో ముడిపెట్టి కనీస శాతాన్ని తిరిగి 4కు దించారు. 1977లో జనతా ప్రభుత్వం 8.33ను పునరుద్ధరించింది. 1980లో గాని అది స్థిరపడలేదు.

నాన్నగారి బోనసు పుస్తకంలో ఈ చరిత్రంతా ఎర్రసిరా కొట్టివేతలుగా కనిపిస్తుంది. 1975 దసరా పేజీలో 8.33 ప్రకారం వేసిన అంకెలను కొట్టేసి 4 ప్రకారం మళ్ళీ వేశారు. పెద్ద మిల్లులకు లేబర్ ఆఫీసరనే ఉద్యోగి ఉండేవాడు, వకీలు ఉండేవాడు. మా బోటివాడికి పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాల వార్తే ఆధారం. పైగా ఒక్కో చట్టంలో జీతమనే మాటకు ఒక్కో అర్థం ఉండేది. భవిష్యనిధికి ఒకటి, బోనసుకు ఒకటి, గ్రాట్యుటీకి మరొకటి. ఎంతమంది ఉంటే వర్తిస్తుందన్న లెక్కా అంతే. ఒకచోట 10, ఒకచోట 20, ఒకచోట 50, మరొకచోట 100. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నందువల్ల కేంద్రం చట్టం చేస్తే రాష్ట్రం నిబంధనలు రాస్తుంది. ఒకటి మారి రెండోది మారని కాలం ఎప్పుడూ కొంత ఉంటుంది. చిన్న యజమాని ఫిర్యాదులో నిజం లేదని నేననను. ఆ సాకు ఎక్కడిదాకా చెల్లుతుందన్నదే ప్రశ్న.

*

ఇక గోడపత్రం సంగతికి వస్తాను.

గ్రాట్యుటీ అనే మాటకు మూలార్థం బహుమానం. సంతోషించి ఇచ్చేది, అడిగి పుచ్చుకోదగనిది. మన దేశంలోనూ చాలాకాలం అదే అర్థంలో నడిచింది. నమ్మకంగా పనిచేసి వెళ్ళిపోయేవాడికి యజమాని పంచెలచాపు పెట్టి, చేతిలో కొంత పైకం ఉంచేవాడు. ఎంత అన్నది అతని మనసును బట్టి, ఆ ఏటి వ్యాపారాన్ని బట్టి ఉండేది. పెద్ద పరిశ్రమలలో సంఘాలు పోరాడి ట్రిబ్యునళ్ళ ద్వారా స్కీములు సాధించుకున్నాయి. 1970లో కేరళ, 1971లో పశ్చిమ బెంగాలు సొంత చట్టాలు చేశాయి. రాష్ట్రానికొక తీరు కాకూడదని 1972లో కేంద్రం దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చింది. 1972 సెప్టెంబరు 16 నుంచి అది అమలైంది. పది మంది ఉన్న చోట అయిదేళ్ళు నిరాటంకంగా పనిచేసినవాడికి, రిటైరైనా రాజీనామా చేసినా, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. చనిపోయినా, పనికి అశక్తుడైనా అయిదేళ్ళ షరతు కూడా లేదు.

ఆ బిల్లుపై సంతకం చేసిన రాష్ట్రపతి మన వి.వి. గిరిగారు. ఇది కాకతాళీయమే కావచ్చు గాని, తెలుగువారు గుర్తుంచుకోదగినది. 1894లో బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తిరిగివచ్చాక రైల్వే కార్మికుల మధ్య పనిచేసిన మనిషి ఆయన. 1937లో మద్రాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆయన మంత్రిగా ఉండగానే, 1953లో, పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక సవరణ వచ్చింది. పని లేదని తొలగించిన కార్మికుడికి సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం చెల్లించాలన్నది అందులో ముఖ్యాంశం. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చినందుకు నిరసనగా 1954లో ఆయన మంత్రిపదవి వదులుకున్నారు. ఏడాదికి 15 రోజులన్న అదే కొలత పద్దెనిమిదేళ్ళ తరువాత గ్రాట్యుటీ చట్టంలో ఆయన సంతకానికి వచ్చింది.

ఆ సంతకంతో బహుమానం కాస్తా బాకీ అయింది. పేరు మాత్రం మారలేదు. మాలాంటివాళ్ళకు అక్కడే పొరపాటు జరిగింది. మాట పాతదే గనుక అర్థమూ పాతదేననుకున్నాము.

యజమాని ఆ చట్టం సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, ఉద్యోగులలో ఎక్కువమందికి తెలిసిన భాషలోనూ ద్వారం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలని నిబంధన ఉండేది. చుట్టుపక్కల రైసుమిల్లులకూ, ఇతర ఫ్యాక్టరీలకూ ఆ గోడపత్రాలు కావలసి వచ్చాయి. రిజిస్టర్లు, ఫారాలు అచ్చువేసి అమ్మడం మాకు మంచి బేరం. 1973లో ఆ సారాంశాన్ని తెలుగులో అచ్చువేశాము. రెండు నిలువు వరుసలు, చిన్న టైపు. దాన్ని కూర్చినది మా పెద్ద కంపోజిటరు. తెలుగు కేసులో గుణింతాలకూ ఒత్తులకూ కలిపి వందల గళ్ళుంటాయి. ఆయన వాటిని చూడకుండా తీసేవాడు. మూడు రోజులు కూర్చి, గ్యాలీ ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం బిగించాడు. కొన్ని వందల ప్రతులు అమ్మాము. ఒక్క ప్రతి కూడా మా గోడకు అంటించలేదు.

దాచిపెట్టాలని కాదు. మిఠాయి దుకాణం వాడు తన సరుకు తాను తిననట్టు, మా సరుకు మాకు వర్తిస్తుందని మాకు తోచలేదు, అంతే.

*

చట్టం అక్కడితో ఆగలేదు. పదిహేను రోజుల జీతమంటే నెల జీతాన్ని 30తో భాగించాలా, 26తో భాగించాలా అన్న వివాదం వచ్చింది. నెలలో ఆదివారాలు పోగా పనిరోజులు 26 గనుక 26తోనే భాగించాలని 1980లో దిగ్విజయ్ ఊలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1987 సవరణ దాన్ని చట్టంలోనే చేర్చింది. ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలని కూడా అప్పుడే వచ్చింది. వీటి మధ్యలో 1984లో ఒక చిన్న సవరణ జరిగింది. మొదటి సెక్షన్‌లో ఒక ఉపవిభాగం చేర్చారు. ఒకసారి ఈ చట్టం వర్తించిన షాపుకు గాని, సంస్థకు గాని, ఆ తరువాత పనివాళ్ళ సంఖ్య పదికి తగ్గిపోయినా చట్టం వర్తిస్తూనే ఉంటుందని దాని సారాంశం.

ఆ సవరణ ఎందుకు అవసరమైందో ఊహించడం కష్టం కాదు. పదకొండుగురిలో ఇద్దరిని తగ్గిస్తే మిగిలిన తొమ్మండుగురి హక్కు మాయమైపోయే ఏర్పాటు న్యాయం కాదు కదా!

మా అచ్చుకూటంలో సరిగ్గా అదే జరిగింది, దురుద్దేశం లేకుండానే. ఎనభైలలో ఆఫ్‌సెట్ వచ్చి లెటర్‌ప్రెస్ పని పడిపోయింది. 1986 నాటికి ఏడుగురు మిగిలారు. పది లోపు గనుక ఇక ఆ చట్టాల బెడద లేదని నాన్నగారు అనుకున్నారు. 1988లో పెద్ద కంపోజిటరు చూపు ఆనక పని మానుకున్నాడు. 1964 నుంచి ఇరవైనాలుగేళ్ళు చేశాడు. చివరి జీతం నెలకు 650 రూపాయలు. వెళ్ళేరోజున నాన్నగారు పంచెలచాపు పెట్టి, 500 రూపాయలు చేతిలో ఉంచి, గేటు దాకా సాగనంపారు. ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. అందులో నటన లేదు. ఇంత మంచిగా పంపినవారు ఊళ్ళో ఎవరున్నారని మేమందరం అనుకున్నాము.

1993లో నేను అచ్చుకూటం పనిలోకి వచ్చాను. 1995లో ఒక బైండరు లెక్క తేల్చవలసి వచ్చి, విజయవాడ ఏలూరు రోడ్డులో గ్రాట్యుటీ చట్టం పుస్తకం కొన్నాను. తిరుగు రైల్లో చదువుతుంటే ఆ 1984 ఉపవిభాగం కంటపడింది. రైలు తెనాలి చేరేలోగా పుస్తకం వెనుక అట్ట మీద లెక్క వేశాను. 650ని 26తో భాగిస్తే రోజుకు 25. పదిహేను రోజులకు 375. ఇరవైనాలుగేళ్ళకు 9,000 రూపాయలు. మేమిచ్చింది 500.

తెలిసిన వకీలు ఒకరిని అడిగాను. ఆ ఉపవిభాగంలో షాపు, సంస్థ అన్న మాటలే గాని ఫ్యాక్టరీ అన్న మాట లేదు, ఆ ఒక్క ముక్క పట్టుకుని వాదించవచ్చు, పైగా అతను అడగనూ లేదు కదా అన్నారు. ఆయన సలహా తప్పు కాదు, వకీలుగా ఆయన పని ఆయన చేశారు. అయితే ఆ పుస్తకంలోనే ఏడో సెక్షన్ ఉంది. గ్రాట్యుటీ చెల్లించవలసిన సమయం రాగానే, ఉద్యోగి దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, యజమానే లెక్క కట్టి తెలియజేయాలని అందులో రాసి ఉంది. అడగలేదన్న సమాధానం చెల్లదని చట్టం ముందే చెప్పి ఉంచింది.

నాన్నగారికి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు భోజనాలయ్యాక పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అంటే నేను వాడి సొమ్ము తిన్నానా?" అన్నారు చివరికి.

తెలియక జరిగిందన్నాను. వడ్డీ ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ చొప్పున ఏడేళ్ళకు 6,300, మొత్తం 15,300 అవుతుందని చెప్పాను. అప్పటి మా పరిస్థితికి అది చిన్న మొత్తం కాదు. ఆఫ్‌సెట్ యంత్రానికి అప్పు చేసి ఉన్నాము. అందుచేత, అప్పుడిచ్చిన అయిదు వందలు మినహాయించుకోవచ్చేమోనని నసిగాను.

"అది బహుమానంరా. ఇది బాకీ. రెండూ ఒక పద్దులో రాయకు" అన్నారు నాన్నగారు.

*

పెద్ద కంపోజిటరు అప్పటికి రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. నాన్నగారు వస్తానని బయలుదేరి, చివరి నిమిషంలో ఆగిపోయారు. ఆయనకు చూపు దాదాపు పోయింది. గొంతు విని గుర్తుపట్టి, "చినబాబుగారా, రండి రండి" అంటూ మంచం మీద చోటు చూపించాడు. విషయం చెప్పి, లెక్క కాగితం చదివి వినిపించాను. డబ్బు కవరు చేతిలో పెట్టాను. ఆయన కవరు విప్పలేదు. వేళ్ళతో అంచులు తడిమాడు, స్టిక్‌లో వరుస బిగిసిందో లేదో చూసినట్టు.

"బాబుగారికి ఇప్పుడు తెలిసిందా ఇది?" అని అడిగాడు.

నేను తల దించుకుని, అవునన్నాను. మీకు తెలుసా అని అడిగాను.

"ఆ కాగితం కూర్చింది నేనే కదండీ! అక్షరం అక్షరం తిరగేసి చదివినవాణ్ణి. పది మంది తగ్గినా ఇవ్వాలన్న ముక్క తరువాత వచ్చిందటగా, అది నాకూ తెలియదు. కానీ పదకొండుగురం ఉన్నప్పుడు కూడా ఆ కాగితం మన గోడకు ఎక్కలేదు. అప్పుడే అనుకున్నాను, మన దగ్గర ఇది వాడుక కాదులే అని."

మరి ఒక్కమాట అడగవలసింది కదా అన్నాను. అంటున్నప్పుడే ఆ మాటలోని తప్పు నాకు తెలుస్తూనే ఉంది.

"బాబుగారు ఇవ్వరని కాదండీ. పంచెలచాపు పెట్టిన చేతిని పట్టుకుని ఇంకా ఎంత వస్తుందని ఎలా అడుగుతాం?"

నేను తిరుగు బస్సులో ఆలోచించింది ఆ వాక్యం గురించే. దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా అన్న ఆ సెక్షన్ రాసినవారికి ఈ మనిషి తెలుసు. మర్యాద తెలిసినవాడు అడగడని వారికి తెలుసు. అడగకపోవడం వల్ల అతడు నష్టపోకూడదని రాశారు. మేము అతనితో ఇరవైనాలుగేళ్ళు ఒకే కప్పు కింద గడిపాము, మాకది తెలియలేదు. మంచితనం లేక కాదు. మంచితనం ఉంది గనుక చట్టం అక్కరలేదనుకున్నాము.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. అన్నీ చెప్పాను. మర్నాడు ఆయన పాత కట్టలు వెదికి 1973 నాటి గోడపత్రం ఒకటి తీసి, మైదాజిగురుతో గుమ్మం పక్కన స్వయంగా అంటించారు. సవరణలన్నీ రానందున అది అప్పటికి కాలం చెల్లిన కాగితం. కొత్తది అచ్చువేసేదాకా అదే ఉంది. కొత్తది వచ్చాక దాన్ని జాగ్రత్తగా ఊడదీసి రేకుపెట్టెలో పెట్టారు. వెనుక జిగురు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

*

ఆ తరువాత కూడా చట్టాలు మారుతూనే ఉన్నాయి. ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలైంది. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 2018లో 20 లక్షలకు పెరిగింది. భవిష్యనిధి తగ్గించుకోవడానికి జీతాన్ని అలవెన్సులుగా చీల్చే అలవాటుకు 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. ఇప్పుడు కొత్త కోడ్లు దాన్నే మరో మార్గంలో చెబుతున్నాయి. మినహాయింపు అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించినంత మేరా జీతం కిందే లెక్క. జీతమనే మాటకు అన్ని కోడ్లలోనూ దాదాపు ఒకే అర్థం ఏర్పడింది. నాన్నగారు ఉంటే దీనికి మాత్రం సంతోషించేవారు.

ఈ కోడ్లు ఒకే దిశలో నడవడం లేదన్న సంగతి కూడా చెప్పాలి. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినవాడికి కూడా జీతం లెక్క రెండు పనిరోజులలో తేల్చాలి. ఇవి కార్మికుడి వైపు వేసిన అడుగులు. మరోవైపు 1881 నుంచి మెట్లు దిగుతూ వచ్చిన సంఖ్య మళ్ళీ పైకి ఎక్కింది. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి యంత్రశక్తి ఉంటే 10 కాక 20 మంది, లేకపోతే 40 మంది కావాలి. అనుమతి లేకుండా మూసివేయరాదన్న నియమం 100 మంది దగ్గర కాక 300 దగ్గర మొదలవుతుంది. ఈ ఎక్కడం మంచిదా కాదా అన్నదానిపై సంఘాలకూ ప్రభుత్వానికీ వాదం సాగుతూనే ఉంది.

1967లో ఒక మోటారుతో ఫ్యాక్టరీ అయిన మా అచ్చుకూటం, 14 మందితో, 2025లో ఒక కాగితంతో ఫ్యాక్టరీ కాకుండా పోయింది. పది మందికి పైగా ఉన్న సంస్థగా మాకు బాధ్యతలు ఇంకా ఉన్నాయి. ఒకవేళ అవీ లేకపోయినా, పెరట్లోని సబ్బుబిళ్ళను నేను తీసేయబోను. సంఖ్య మారినప్పుడల్లా హక్కు పోయిందని లెక్క వేసుకుంటే ఏమవుతుందో నాకు 9,000 రూపాయల పాఠం ఉంది.

పెద్ద కంపోజిటరు 1999లో పోయాడు. ఆ డబ్బుతో మనవరాలి చదువుకు ఫీజు కట్టారని తరువాత తెలిసింది. అది మా ఉపకారమని వాళ్ళింట్లో ఎవరో అన్నారట. కాదని చెప్పమని మనిషితో కబురు చేశాను.

నిన్న రాత్రి 14 మందికీ నియామక పత్రాలు రాయడం పూర్తిచేశాను. కొత్త కోడ్ల సారాంశాన్ని తెలుగులో కూర్చుతున్నాను, ఇప్పుడు సీసంతో కాదు, కంప్యూటరు మీద. బేరానికి ఎన్ని ప్రతులు పోతాయో తెలియదు. మొదటి ప్రతి మాత్రం మా గుమ్మం పక్కకే వెళుతుంది.